అనంతపురం గాలికీ అనంతగిరి గెడ్డకీ ఏం సంబంధం?

(గ్రామసభ హక్కుల గురించి ఏజెన్సీ యువతతో జరిగిన సమావేశంలో చెప్పిన మాటలు. చదవడానికి వీలుగా కొంచెం సర్ది ఇస్తున్నాం.)



మొన్న సంతలో ఒక కుర్రాడు నన్ను ఆపాడు. "అన్నా, కరెంటు కావాలంటారు. బొగ్గు వద్దంటారు. గాలి, సోలార్ అంటే దానికీ అడ్డం పడుతున్నారు. మరి కరెంటు ఎక్కడి నుంచి రావాలి?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. చేతిలో పసుపు బస్తా పెట్టుకుని నిలబడి చెప్పే జవాబు కాదు కాబట్టి ఇక్కడ చెప్తున్నాను. మీరూ విని, మీ ఊళ్లో నలుగురికి చెప్పండి.

ముందు ఒక మాట ఒప్పుకుందాం. గాలి కరెంటు, సోలార్ కరెంటు మనకు శత్రువులు కావు. బొగ్గు ఎక్కడ తవ్వుతున్నారు? ఇల్లెందు, మణుగూరు, కొత్తగూడెం. అదంతా కోయల నేల. ఓపెన్‌కాస్ట్ వచ్చిన చోట ఊరుండే తావులో గొయ్యి మిగులుతుంది. కాల్చిన బొగ్గు బూడిద పాల్వంచ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే పీలుస్తున్నారు. వానలు తప్పితే మొదట దెబ్బ తినేదీ మనమే. చోడి, సామ, వలిసె అన్నీ వాన మీద ఆధారపడ్డ పంటలే కదా. కాబట్టి బొగ్గు వాడకం తగ్గితే ఆదివాసికి లాభమే.

గాలిమరకు బొగ్గు అక్కర్లేదు, పొగ రాదు, థర్మల్ ప్లాంటులా నదిని తాగదు. మరకీ మరకీ మధ్య నేలలో సాగు చేసుకోవచ్చు, మేకలు మేపుకోవచ్చు. లైను లాగడం కష్టమైన గూడేనికి సోలార్ ప్యానెల్ పెడితే బల్బు వెలుగుతుంది, సెల్లు ఛార్జింగ్ అవుతుంది. ఇవి చిన్న లాభాలు కావు. చీకట్లో ప్రసవం చూసిన వాళ్లని అడగండి.

చిక్కు ఎక్కడొస్తోందంటే, గాలీ ఎండా మన టైముకి రావు. మన రాష్ట్రంలో గాలి బాగా వీచేది నైరుతి వానల కాలంలో, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా. సోలార్ మధ్యాహ్నం దండిగా వస్తుంది. పట్నాల్లో కరెంటు వాడకం పెరిగేదేమో సాయంత్రం ఆరు దాటాక. అప్పటికి ఎండ పోతుంది. మధ్యాహ్నం మిగిలిన కరెంటును రాత్రికి ఎక్కడో దాచాలి. దాచడానికి ఒక దారి బ్యాటరీ. రెండో దారి కొండ.

అవును, కొండే. దాన్నే పంప్డ్ స్టోరేజ్ అంటున్నారు. కొండపైన ఒక జలాశయం, కింద ఒకటి కడతారు. పగలు మిగులు కరెంటుతో నీటిని పైకి తోడతారు. రాత్రి కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఇందులో కొత్తగా కరెంటు పుట్టదని గుర్తుంచుకోండి. తోడడానికి పట్టిన కరెంటులో ఐదో వంతో, నాలుగో వంతో పోయి మిగతాదే తిరిగొస్తుంది. అంటే ఇది కరెంటు దాచుకునే గాదె.

ఈ గాదెకు నిటారు కొండ కావాలి, దగ్గర్లో నీళ్లు కావాలి. రెండూ ఉన్నదెక్కడ? అనంతగిరి, హుకుంపేట, చింతపల్లి, కొయ్యూరు కొండల్లో. పెదకోట, చిట్టంవలస, ఎర్రవరం పేర్లు మీరు వింటున్నది అందుకే. అనంతపురంలో గాలిమర తిరిగితే అనంతగిరి గెడ్డకి ఏం సంబంధం అని అడిగేవాళ్లకి ఇదే జవాబు. అక్కడ గాలి, ఇక్కడ గాదె. గాదె కట్టే చోట పోడు, కాఫీ, మిరియాల తోట, దేవుడి బండ, పశువులు తాగే ఊట ఉన్నాయి. మ్యాపులో అవి కనబడవు. అనంతగిరి కొండల్లో పుట్టిన శారదా నదే కింద రైవాడ జలాశయం నింపుతుంది, విశాఖపట్నానికి తాగునీరు ఇస్తుంది. కాబట్టి ఇది కొండమీద వాళ్ల గొడవ మాత్రమే కాదు. మైదానం రైతు కూడా అడగాలి.

"కాలుష్యం లేని కరెంటుకే కదా త్యాగం చేస్తున్నారు" అని ఒక పెద్దాయన నాతో అన్నాడు. మనకి ఇది కొత్త త్యాగం కాదు. డుడుమ జలపాతం నీటితో మాచ్‌ఖండ్‌లో 1955లోనే కరెంటు తీశారు. అదీ పొగ లేని కరెంటే. దానికోసం కట్టిన జలపుట్ కింద ఒడిశా, ఆంధ్ర రెండువైపులా వేలమంది భూములు పోగొట్టుకున్నారు. తర్వాత సీలేరులో ఎగువన 240 మెగావాట్లు, దిగువన 460 మెగావాట్లు వచ్చాయి. మీ గూడెంలో మొదటి బల్బు ఏ ఏడు వెలిగిందో మీ తాతమ్మని అడిగి, 1955 పక్కన రాసుకోండి.

ఇది కొండదొరకో, కోయకో మాత్రమే జరిగేది కాదు. అనంతపురం వైపు కల్పవల్లి అని ఒక కొండ ప్రాంతం ఉంది. రెవెన్యూ కాగితాల్లో అది బంజరు. ఊళ్లవాళ్లు ఏళ్లతరబడి కాపలా కాసి అక్కడ గడ్డి, చెట్లు, ఊటలు తిరిగి తెచ్చుకున్నారు. గొర్రెలకాపరులకు అదే ఆధారం. బంజరే కదా అని శిఖరాల మీద గాలిమరలు పెట్టారు. మర రెక్క ఒక్కొక్కటీ పదుల మీటర్ల పొడవు, దాన్ని పైకి చేర్చాలంటే కొండని కోసి వెడల్పు రోడ్డు వేయాలి. వాన పడితే ఆ రోడ్ల మట్టి కిందికి కొట్టుకొచ్చింది. 2013లో వాళ్లు హరిత ట్రిబ్యునల్ మెట్లెక్కారు. మరకు పట్టే జాగా చిన్నదే, కొండను కోసేసేది రోడ్డు. (మన దగ్గర డోలీ మోసే దారికి రోడ్డు అడిగితే అటవీ అనుమతి లేదంటారు. రెక్క మోసే లారీకి మాత్రం అనుమతి దొరుకుతుంది.) పైగా మన దేశంలో గాలి, సోలార్ ప్రాజెక్టులకు 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ కింద ముందస్తు అనుమతి అక్కర్లేదు. ప్రజాభిప్రాయ సేకరణ టెంటు కూడా వేయరు.

ఇక నేను అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పాలనుకున్నది నార్వే సంగతి. అక్కడ సామీ అనే ఆదివాసులున్నారు. రెయిన్‌డీర్ అనే మంచు దేశపు జింకల మందల్ని మేపుకుంటారు. ఫోసెన్ అనే చోట వాళ్ల చలికాలపు మేత కొండల మీద రెండు ప్రాజెక్టులు కలిపి 151 గాలిమరలు పెట్టారు. మరలున్న వైపుకి జింకలు రావు. కేసు నడుస్తుండగానే పని మొదలైంది. 2018లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ ఒక ప్రాజెక్టు పని ఆపమని కోరింది. ఆపలేదు. కింది కోర్టు, డబ్బు తీసుకుని కొట్టంలో దాణా పెట్టి మేపుకోండి అన్నట్టు తీర్పిచ్చింది.

2021 అక్టోబర్ 11న సుప్రీంకోర్టులో 11 మంది జడ్జీలు ఏకగ్రీవంగా సామీల పక్షాన తీర్పు చెప్పారు. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒప్పందంలో 27వ అధికరణం ప్రకారం వాళ్ల సంస్కృతి హక్కు ఉల్లంఘన జరిగింది, కాబట్టి ఆ లైసెన్సులు చెల్లవు అన్నారు. ఆ ఒప్పందం మీద మన దేశం కూడా 1979లో చేరింది. మంచి తీర్పు కదా? మరి మరలు ఆగాయా? ఆగలేదు. 500 రోజుల తర్వాత, 2023 ఫిబ్రవరిలో సామీ యువత వాళ్ల సంప్రదాయ దుస్తుల్లో ఇంధన మంత్రిత్వ శాఖలో బైఠాయించారు. గ్రెటా థన్‌బర్గ్ కూడా వాళ్లతో కూర్చుంది. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. చివరికి 2023 డిసెంబర్‌లో ఒక ప్రాజెక్టు మీద, 2024 మార్చిలో రెండోదాని మీద రాజీ ఒప్పందాలు కుదిరాయి. మరలు ఇప్పటికీ అక్కడే తిరుగుతున్నాయి.

ధనిక దేశం, చదువుకున్న జనం, పెద్ద కోర్టులో గెలుపు. అన్నీ ఉన్నా కట్టేశాక ఒక్క మరనూ దించలేకపోయారు. ఒడిశాలో నియమగిరి డోంగ్రియా కోందులు మాత్రం తవ్వకం మొదలుకాకముందే నిలబడ్డారు. 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంది, 12 గ్రామసభలు వద్దన్నాయి, గని రాలేదు. ఈ రెండు కథల్లో తేడా ఎక్కడుందో చూడండి. ఒకచోట కట్టాక వాదించారు, ఒకచోట కట్టకముందే అడిగించుకున్నారు.

మన చేతిలో ఉన్నవి మీకు తెలుసు. 1/70 ఉంది. 1997 సమతా తీర్పు ఉంది. 1996 పీసా, దానికి 2011లో రాసిన రాష్ట్ర నియమాలు, 2006 అటవీ హక్కుల చట్టం ఉన్నాయి. 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ సమ్మతి ముందే కావాలి. "ముందే" అన్న మాట కింద గీత గీసుకోండి. అడవిలో డ్రిల్లింగ్ మిషన్ దిగాక పెట్టే సభ సమ్మతి కోసం కాదు, సంతకాల కోసం.

ఆ కుర్రాడికి నా జవాబు ఇది. కరెంటు కావాలి. గాలిదైనా, ఎండదైనా సరే. కానీ నీళ్లు ఎన్ని తీస్తారు, రోడ్డు ఎక్కడ కోస్తారు, లైను ఎటు పోతుంది, మా గూడెంలో రాత్రి ఎన్ని గంటలు కరెంటు ఉంటుంది, ఇవన్నీ మా భాషలో, కువిలోనో ఆదివాసీ ఒరియాలోనో చెప్పి, మేం ఒప్పుకుంటేనే మొదలుపెట్టాలి. ఒప్పుకోకపోతే ఇంకో కొండ చూసుకోవడం కాదు, బ్యాటరీ ఖర్చు కూడా లెక్కేసి చూడాలి.

ఈ వారంలో మీరు చేయాల్సిన పని ఒకటుంది. మీ గ్రామసభ తీర్మానాల పుస్తకం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. నేను వెళ్లిన ఒక పంచాయతీలో అది బీరువాలో ఉంది, తాళం కార్యదర్శి దగ్గరుంది, కార్యదర్శి నర్సీపట్నంలో ఉన్నాడు. మొదటి పేజీ నుంచి చదవండి. మీరు వెళ్లని సభకి మీ వేలిముద్ర ఉందేమో చూడండి.