తాళపుచెవి ఎవరి చేతిలో?
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



మన పిల్లలలో అనేకులు బెంగుళూరులో ప్రోగ్రాములు వ్రాయడమే ఉద్యోగమనుకొంటున్నారు. వ్రాసినదానిని తనిఖీ చేసే ఉద్యోగమూ ఒకటున్నదని మనవి చేయడానికి నిలుచున్నాను.

సత్యం కంపెనీ సంగతి మీరెరుగనిది కాదు. 2009 జనవరి 7న రామలింగరాజుగారు వ్రాసిన లేఖతో, లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని తేలింది. తరువాత దర్యాప్తులో 7,561 దొంగ ఇన్వాయిసులు బయటపడ్డవి. ‘సూపర్ యూజర్’ అనే ప్రత్యేకాధికారంతో వాటిని కంప్యూటరులోనికి ఎక్కించి, విభాగాధిపతుల కంటబడకుండా దాచారు. ఆ తాళపుచెవి ఎవరి చేతిలో ఉన్నది, ఎందుకున్నది అని అడగడమే మా వృత్తి. 2022 నుండి, కంప్యూటరుపై దాడి జరిగినట్లు తెలిసిన 6 గంటలలో సెర్ట్-ఇన్ సంస్థకు తెలియజేయాలన్న ఉత్తర్వు కూడా వచ్చింది.

సమాచార వ్యవస్థల ఆడిటరుకు పెట్టే సిసా పరీక్ష ప్యాసయితే చాలదు. పట్టా చేతికి రావాలంటే 5 ఏళ్ల అనుభవం చూపాలి. చదువును బట్టి కొంత మినహాయింపు కలదు. అంతకన్న కావలసినది మొగమాటం లేకపోవడం. నా మొదటి ఉద్యోగంలో, మానివెళ్లినవారి లాగిన్లు ఇంకా తెరిచే ఉన్నవని నివేదికలో వ్రాశాను. ‘ఆ పంక్తి తీసివేయవయ్యా’ అన్నారు పైఅధికారి. తీయలేదు. ఆ ఏడు ప్రమోషను రాలేదు. ఇంట్లో చీవాట్లు వేరే!

ఈ పని నేర్వదలచిన పిల్లలు సభ ముగిసినాక నన్ను కలుసుకోవచ్చును.