పాఠశాల – సంఘ పరివర్తనము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సందర్భమున పాఠశాలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. గ్రంథాలయ సభలో బడి ప్రసక్తి యేల అని మీరడుగవచ్చును. ఇచ్చటి చదువరులు పుట్టునది అక్కడనే గదా!

బడిలో నూతన విధానము అనగానే కొత్త పుస్తకములు, కొత్త బల్లలు, ఈ రోజులలోనైతే గోడమీది తెర మనకు స్ఫురించును. వానిని నేను కాదనను. కాని బడి గడప దాటినవారెవరు, వెలుపల నిలిచిపోయినవారెవరు అన్న లెక్క మారినప్పుడే సంఘము మారినదని నా నమ్మకము. మన వినుకొండలో 1895లో పుట్టిన జాషువా మహాకవి కులభేదపు చేదును బడిలోనే చవిచూచినారు. పల్నాటి పుల్లరి సత్యాగ్రహమున కారాగారమునకు వెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు, సతీమణి లక్ష్మీబాయమ్మగారితో కలిసి, 1922లో గుంటూరున శారదానికేతనము నెలకొల్పి స్త్రీలకు చదువు చెప్పించినారు. ఆ దంపతులు మార్చినది పాఠ్యపుస్తకమును కాదు, గడపను.

ఇక నా తప్పొకటి ఒప్పుకొనవలసి యున్నది. ఈ గ్రంథాలయము వెలసిన తొలి యేండ్లలో దీని వసారాలోనే మేము కొందరము రాత్రిబడి నడిపితిమి. అది గ్రంథాలయోద్యమమునకు పాత అలవాటే. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన పిమ్మట అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటి పెద్దలు వయోజన విద్యను గూడ భుజమున వేసికొన్నారు. పెద్దలకు అది చక్కని ఏర్పాటు. మేము దానిని పిల్లలకు పెట్టితిమి. పగలంతయు సున్నపు బట్టీలవద్ద పనిచేసి వచ్చిన ఒక బాలుడు అక్షరములు దిద్దుచునే పలకమీద తల వాల్చి నిద్రపోయెడివాడు. వాని వ్రేళ్లు సున్నము తిని పగిలియుండెను. లేపుటకు మనసొప్పక దీపము తగ్గించెడివారము. అది దయ అనుకొంటిమి. పగలు పనికి, రాత్రి బడికి అన్న ఒప్పందముపై మేమే చేవ్రాలు చేసినట్లయినదని ఆనాడు తోచలేదు.

మాకంటె ముందే ఈ సంగతిని గ్రహించినవారు రంగారెడ్డి జిల్లాలో ఉన్నారు. మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేర 1981లో ఏర్పడిన సంస్థ, హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులైన శాంతాసిన్హాగారి నాయకత్వమున, 1991 నుండి అచ్చటి గ్రామములలో బాలకార్మికుల విముక్తికి పూనుకొన్నది. బడికి రాని ప్రతి బిడ్డయు పనిలో ఉన్నట్లే లెక్క. కనుక బిడ్డకు పగటిబడియే కావలెను, రాత్రిబడి చాలదు – ఇదే వారి పట్టుదల.

అయితే పశువుల వెంట తిరిగిన పదకొండేండ్ల పిల్లను తెచ్చి ఒకటవ తరగతిలో ఆరేండ్ల పసివారి ప్రక్కన కూర్చుండబెట్టినచో ఏమగును? సిగ్గుపడి వారము తిరుగకుండనే మానివేయును. వారు అట్టివారిని ముందుగా ఒక శిబిరములో ఉంచి, తిండి, వసతి ఇచ్చి, కొన్ని నెలలు ఆటపాటలతోను, ఎడతెగని చదువుతోను సిద్ధముచేసి, వయస్సుకు తగిన తరగతిలోనే ప్రవేశపెట్టినారు. ఈలోగా కార్యకర్తలు తల్లిదండ్రులతోను, పని యిచ్చు ఆసాములతోను, పంచాయతీ పెద్దలతోను మాటాడినారు. బిడ్డ బడిలో చేరుట ఇంటివారి విషయము మాత్రమే కాక ఊరి విషయమైనది. నాకు అన్నిటికంటె గొప్పగా తోచినది ఇదే.

పేదవాడు బిడ్డ కూలి వదలుకొనునా అని పెదవి విరచినవారు కొల్లలు. నేనును విరచితిని. పేదతల్లికి బిడ్డ చదువుమీద కోరిక లేదనుట మనము కల్పించుకొన్న మాటయని శాంతాసిన్హాగారి వాదము. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారము వచ్చినది. 2009 నాటి విద్యాహక్కు చట్టమున, బడికి దూరమైన బిడ్డను వయస్సుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇయ్యవలెనని వ్రాయబడినది. పల్లెలో పరీక్షించిన పద్ధతి వంటిది దేశశాసనములో చోటు చేసికొన్నది. నిర్బంధవిద్య కొరకు గోఖలేగారు 1911లో తెచ్చిన బిల్లు వీగిపోయినది. రాజ్యాంగము పదేండ్ల గడువు పెట్టినను అది గడచిపోయినది. అందుచేత ఈ చట్టమును నేను చిన్నచూపు చూడను. కాని చట్టము తానే నడచి వచ్చి బట్టీవద్ద నిలుచుండదు.

మన పల్నాటిలో పత్తితీతలు, మిరపకోతలు వచ్చినప్పుడు తరగతులు పలుచబడుట ఉపాధ్యాయులందరు ఎరుగుదురు. హాజరుపట్టీలో పేరుండును, పిల్ల చేనిలో ఉండును. రెండు నెలలు పోయిన పిల్ల తిరిగి వచ్చి పాఠము అందక కూర్చుండును. మరుసటి యేడు రాదు. ముఖ్యముగా ఆడపిల్ల. తమ్ముని ఎత్తుకొనవలసినదియు ఆమెయే.

ఆ రోజులలో మన వసారా సాయంకాలము ఖాళీగానే ఉండును. అక్కడ రాత్రిబడి పెట్టుమని నేను మరల అడుగను. కోతలనుండి పగటిబడికి తిరిగి వచ్చిన పిల్లలకు, జారిపోయిన పాఠములను సాయంకాలము ఒక గంట చెప్పుటకు ఆ చోటు ఇండు. చెప్పుటకు నేను సిద్ధము. ఇంకను ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులు మాట యిచ్చినారు. వీధివారీగా బడి మానిన పిల్లల పేర్లు వ్రాయుటకు గీతలు గీసిన నోటుపుస్తకమొకటి తెచ్చితిని. అది కార్యదర్శిగారి బల్లమీద ఉన్నది. మొదటి పుటలో మా వీధివి మూడు పేర్లు వ్రాసితిని. సభ ముగిసిన పిదప మీ మీ వీధుల సంగతి దయచేసి వ్రాసి వెళ్లుడు.