పాళ్లు కట్టిన అందం: ఫిలిప్పీన్స్ దుస్తుల ప్రకటనలో మిశ్రమ వారసత్వం

‘మెస్తీసో’ అనే స్పానిష్ మాటకు రెండు జాతుల కలయికతో పుట్టినవాడని అర్థం. స్త్రీ అయితే ‘మెస్తీసా’. ఫిలిప్పీన్స్‌లో ఆ మాట వినగానే నేడు తెల్లని మేనిఛాయా, కొనదేలిన ముక్కూ స్ఫురిస్తాయి గాని, అక్కడ దాని తొలి ప్రయోజనం అందానిది కాదు, పన్నుది. 1565లో మొదలై 1898లో ముగిసిన స్పానిష్ పాలన ప్రజలను వర్గాలుగా విడదీసి, ‘ఇందియో’లని పిలిచిన స్థానికుల నుంచి తక్కువ కప్పం, ‘సాంగ్లే’లన్న చైనీయుల నుంచి అందరికంటే ఎక్కువ కప్పం, ఈ ఇద్దరి సంతానమైన చైనా మెస్తీసోల నుంచి ఇందియోలు కట్టేదానికి రెట్టింపు వసూలు చేసింది. ఆ దీవుల్లో స్పెయిన్ నుంచి వచ్చి స్థిరపడినవారు బహు కొద్దిమంది కావడం వల్ల, మెస్తీసో అంటే అప్పట్లో చాలావరకు చైనా మెస్తీసోయేనని ఎడ్గార్ విక్‌బర్గ్ 1964లో ప్రచురించిన వ్యాసంలో నిరూపించాడు. జాతీయ వీరుడు హోసె రిసాల్ వంశం అటువంటిదే. పన్నుల పట్టికలోని ఆ మాట తర్వాతి కాలంలో సినిమా తెర మీదికీ, సౌందర్య సాధనాల ప్రకటనల్లోకీ చేరేసరికి చైనా వాసన పోయి, ఐరోపా ఛాయ మిగిలింది.

బాయో అనే ఫిలిప్పీన్స్ దుస్తుల సంస్థ 2012లో విడుదల చేసిన ప్రకటనలను ఈ చరిత్ర వెలుగులోనే చదవాలి. నటి జాస్మిన్ కర్టిస్ చిత్రం మీద ఆమె 50 శాతం ఆస్ట్రేలియన్, 50 శాతం ఫిలిపినో అని అచ్చువేసి, ఫిలిపినో రక్తంతో వేరే జాతీయత కలిస్తే ప్రపంచ స్థాయి అందం దాదాపు ఖాయమన్న భావాన్ని ఆ వరుస ప్రకటించింది. జనం తమ తమ శాతాలు లెక్కగట్టి ఎగతాళి చేయగా, సంస్థ క్షమాపణ చెప్పుకుంది. ఫిలిపినోలు నిజంగానే మిశ్రమ జాతి కదా, ఆ మాట అంటే తప్పేమిటని ప్రకటనను సమర్థించేవారు అడగవచ్చు, ఆ ప్రశ్న కొట్టిపారేయదగినదీ కాదు. అయితే దోషం కలయికను చూపడంలో లేదు. ఫిలిపినో రక్తం ఒక్కటే ఉన్నచోట ఆ సూత్రం వర్తించదన్న ధ్వనిలో ఉంది. రవికకూ లంగాకూ జత కుదిర్చినట్లు వంశాలకు జత కుదిర్చిన ఆ వాక్యం రాసినవారికి ఈ ధ్వని వినిపించకపోవడమే ఆశ్చర్యం.

చట్టానికి ఈ పాళ్లతో నిమిత్తం లేదు. 1935 రాజ్యాంగం తండ్రి వైపు పౌరసత్వానికి పెద్దపీట వేసి, తల్లి మాత్రమే ఫిలిపినో అయిన బిడ్డ యుక్తవయసు వచ్చాక పౌరసత్వాన్ని కోరి ఎంచుకోవాలన్నా, 1973, 1987 రాజ్యాంగాలు తల్లిదండ్రుల్లో ఎవరు పౌరులైనా బిడ్డ పౌరుడేనని తేల్చాయి. జర్మన్ తండ్రికి పుట్టిన పియా వుర్ట్స్‌బాక్ 2015లోనూ, ఆస్ట్రేలియన్ తండ్రికి పుట్టిన కట్రియోనా గ్రే 2018లోనూ విశ్వసుందరి కిరీటం గెలిచింది సగం ఫిలిప్పీన్స్ పేర కాదు.

మెస్తీసా అనగానే సాధారణంగా ఎవరికీ గుర్తురాని కలయిక మరొకటి ఉంది, దానికి భారతదేశంతో సంబంధం ఉంది. 1762లో మద్రాసు నుంచి బయలుదేరిన బ్రిటిష్ దండు మనీలాను పట్టుకుని 1764లో ఖాళీ చేసినప్పుడు, ఆ దండులోని సిపాయిలు కొందరు తిరిగి ఓడ ఎక్కక మనీలాకు తూర్పున కైంటాలో స్థిరపడి, స్థానిక స్త్రీలను పెళ్లాడారు. వారి వంశీకులు నేటికీ ఆ ఊళ్లో ఉన్నారు.