కారఖానా లెక్కలకు కంప్యూటరు: కొనుటకు ముందు చూడవలసినవి
(పేట వర్తకుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన పూర్వ భాగమున కారఖానాల లెక్కలు తెలుగున వ్రాసిన గుమాస్తాలు వృద్ధులైరి. వారి స్థానమున కూర్చొను పిల్లలు కీర్దు, ఖతావణి ఎరుగరు, కంప్యూటరు ఎరుగుదురు. కావున ఏ సాఫ్ట్‌వేరు కొనవలెనని మమ్ము అడుగువారు పెక్కురు. మేము తిరిగి ఒక ప్రశ్న వేయుచుందుము. మీ నూలు గిడ్డంగి విడిచి, తువ్వాలై అమ్ముడుపోయి, రూపాయిగా తిరిగి వచ్చువరకు ఎన్ని చేతులు మారుచున్నది? ఏ చేతిలో ఏ చీటీ ఉన్నది? ఇది కాగితముపై వ్రాసికొననిదే దుకాణమునకు పోవలదు.

కంప్యూటరనగా మనకు జంకు అక్కరలేదు. చద్దరుపై పువ్వు దించు జకార్డు యంత్రమును 1804లో ఫ్రాన్సు దేశమున జోసెఫ్ మరీ జకార్డు రూపొందించెను. ఆ రంధ్రముల అట్టలనే చార్లెస్ బాబేజి తన గణనయంత్రపు ప్రణాళికకు తీసికొనెను. మన మగ్గము కంప్యూటరుకు పెద్దన్న వరుస! టాలీయు వ్యాపారి ఇంట పుట్టినదే. వస్త్రపు మిల్లులకు సరుకు అమ్ము శ్యాంసుందర్ గోయెంకా తన లెక్కలకు తగినది దొరకక, కుమారుడు భరత్‌చేత వ్రాయించెను. 1986లో ఆ సంస్థ వెలసెను. ఆయనకు ముందు తన లెక్క తెలిసియుండెను.

బిల్లు, బ్యాంకు, జీఎస్టీ పనులను పేరున్న ఏ సాఫ్ట్‌వేరైనను చేయును. వార్షిక వ్యాపారము 5 కోట్లు దాటినవారు 2023 ఆగస్టు 1 నుండి ఇ-ఇన్వాయిసు చేయవలసియున్నది. అదియు వానిలో కలదు. చిక్కంతయు నూలు తూకములోనే ఉన్నది.

మజూరీకి నూలు కిలోలలో ఇత్తుము. తువ్వాళ్లు డజనులలో తిరిగి వచ్చును. 100 కిలోలు ఇచ్చితిమనుకొనుడు. వచ్చిన సరుకు 95 కిలోలు తూగినది. తక్కిన 5 కిలోలు వ్యర్థమా, బీముపై మిగిలిన పడుగా, నేతగాని బాకీయా? ఈ మూడింటిని సాఫ్ట్‌వేరు వేరువేరుగా చూపవలెను. చూపనిచో మొత్తము బాకీగానే కనబడి, శనివారము నేతగాని పగారులో కోత పడును. అతడు మన వీధివాడే. చట్టమును ఈ లెక్క అడుగుచున్నది. చలానుపై మజూరీకి పంపిన ముడిసరుకు ఒక సంవత్సరములోపల తిరిగి రాకున్నను, అచ్చటినుండియే అమ్ముడుపోకున్నను, పంపిన దినముననే అమ్మినట్లు ఎంచి పన్ను వేయుదురు.

పగారు చీటీ నేతగాడు చదువగల లిపిలో ఉండవలెను. తెలుగు లిపి 1991 నుండి యూనికోడులో ఉన్నది. కంప్యూటరున తెలుగు రాదను విక్రేత మాట నమ్మనక్కరలేదు. మరాఠీ బడిలో చదివిన పిల్లలకు మరాఠీలో ఇచ్చినను మాకు అభ్యంతరము లేదు. వానికి రాని ఇంగ్లీషులో కోత వ్రాసి చేతబెట్టుట మాత్రము న్యాయము కాదు.

అమ్మవచ్చినవాడు తాను తెచ్చిన లెక్కలు చూపును. అవి ఎప్పుడును సరిపోవును! మీరు గత నెల చలానులు ముందుంచి, వాటినే ఎక్కింపుమనుడు. వాపసు వచ్చిన సరుకు, రంగు తేడా పడిన తువ్వాళ్లు, పగారులో తీర్చుకొను అడ్వాన్సు, ఇవన్నియు అందులో ఉండవలెను. అతడు తడబడిన చోటు గుర్తు పెట్టుకొనుడు.

అద్దె సాఫ్ట్‌వేరు విషయమున మరింత జాగ్రత్త వహింపవలెను. జీఎస్టీ చట్టము ప్రకారము లెక్కలను వార్షిక రిటర్ను గడువు నుండి 72 నెలలు భద్రపరుపవలెను. అద్దె మానినచో మన లెక్కలు ఏ రూపమున మన చేతికి వచ్చునో ముందే వ్రాయించి పుచ్చుకొనుడు. పాత పుస్తకము మన బీరువాలో ఉండెడిది. దీని తాళపుచెవి పరుల చేత ఉండును.

కొత్త పద్ధతికి ఏప్రిలు 1వ తేదీ అనుకూలము. రెండు నెలలు పాత కీర్దును ప్రక్కన వ్రాయుచునే ఉండుడు. రెండింట నూలు నిల్వ తేడా వచ్చిన దినమున తగవులాడక, గిడ్డంగికి పోయి కోనులు తూచి చూడుడు.