రివెట్ కొట్టక ముందే
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇంట్లో విమానం కడుతున్నావట, నిజమేనా?" అని నిన్నటి నుంచి చాలామంది అడిగారు. నిజమే. అమెరికాలో అది పెద్ద వింత కాదు. కిట్ కొనుక్కుని, సగానికి మించిన పని సొంత చేతులతో చేస్తే, అక్కడి విమానయాన శాఖ తనిఖీ చేసి ఎగరడానికి అనుమతి ఇస్తుంది. ఆరెగాన్ రాష్ట్రంలోని వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ కిట్లతో కట్టిన ఆర్‌వీ విమానాలే పదివేలకు పైగా ఎగిరాయి. మేం ముగ్గురు మిత్రులం కలిసి కడుతున్నది ఆర్‌వీ-6. ఇద్దరు కూర్చునే చిన్న విమానం. పాత రకం కిట్.

అందరూ ఇంజిన్ గురించి అడుగుతారు. నేను జిగ్ గురించి చెబుతాను. స్లాబ్ వేసే ముందు సెంట్రింగ్ కొడతారు కదా, జిగ్ చేసే పని దాదాపు అదే. భాగాలు తమంతట తాము నిలబడలేనంత కాలం వాటిని సరైన చోట పట్టి ఉంచే చట్రం అది. పని అయ్యాక తీసేస్తాం. విమానంలో దాని ముక్క ఒక్కటీ మిగలదు.

అలాంటి దానికి అంత శ్రమ ఎందుకు? మూత లేని అట్టపెట్టెను రెండు చేతులతో మెలితిప్పి చూడండి, తిరుగుతుంది. మూత పెట్టి నాలుగువైపులా అంటించాక తిప్పండి, తిరగదు. విమానం రెక్క కూడా అంతే. ముందు ఒక దూలం, వెనక ఒక దూలం, మధ్యలో పక్కటెముకల్లాంటి రిబ్బులు. ఈ అస్థిపంజరం అటూ ఇటూ మెలి తిరుగుతుంది. దాని మీద మిల్లీమీటరు మందం కూడా లేని అల్యూమినియం రేకు కప్పి రివెట్లు కొట్టాక బిగుసుకుపోతుంది. ఆ క్షణానికి రెక్క తిన్నగా ఉంటే ఎప్పటికీ తిన్నగా ఉంటుంది. మెలి ఉంటే ఆ మెలి కూడా ఎప్పటికీ ఉంటుంది.

ఒక రెక్కకు మెలి ఉంటే రెండు రెక్కలూ గాలిని ఒకే కోణంలో తాకవు. ఒకటి ఎక్కువ ఎత్తుతుంది, విమానం రెండోవైపు ఒరుగుతుంది. వేగం బాగా తగ్గినప్పుడు ఒక రెక్క ముందుగా పట్టు తప్పుతుంది. అది నేలకు దగ్గరగా, దిగేటప్పుడు జరిగితే ప్రాణాల మీదికి వస్తుంది.

అందుకని గ్యారేజీలో రెండు బలమైన నిట్రాళ్ళు పాతినట్టు బిగించి, వాటి మధ్య రెక్కను నిలువుగా అమరుస్తాం. దూలం మట్టంగా ఉందా అని రసమట్టం పెట్టి చూస్తాం. రెండు చివర్లా తాపీమేస్త్రీలు వాడే గుండు దారాలు వేలాడదీసి, రెండు దారాలూ ఒకే వరసలో ఉన్నాయా అని చూస్తాం. కొయ్య తేమకు కదులుతుంది కాబట్టి ఈరోజు చూసినది రేపు మళ్ళీ చూడాలి. ఎండ పడిన రేకును నీడలోని దూలానికి బిగించకూడదు. మూడు మీటర్ల అల్యూమినియం ఇరవై డిగ్రీల తేడాకు దాదాపు 1.4 మిల్లీమీటర్లు సాగుతుంది. భాగం సరిగ్గా కూర్చోకపోతే బలవంతంగా నొక్కి బిగించకూడదు. ఎందుకు కూర్చోలేదో వెతకాలి.

ఇక చతురస్రత. ఆర్‌వీ-6 రెక్క పైనుంచి చూస్తే దీర్ఘచతురస్రం. ఎదురెదురు భుజాలు సమానంగా ఉన్నా అది పక్కకు ఒరిగి ఉండొచ్చు. అందుకే మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలుస్తాం. రెండూ సమానమైతేనే మూలలు లంబకోణాలు. ఇది ఈ బడిలో లెక్కల మాస్టారు నల్లబల్ల మీద నిరూపించిన సిద్ధాంతమే. అప్పుడు మార్కుల కోసం రాశాం. ఇప్పుడు దాని మీద ఇద్దరు మనుషుల ప్రాణాలు ఆధారపడ్డాయి.

2000 తర్వాత వచ్చిన కొత్త కిట్లలో రంధ్రాలన్నీ ఫ్యాక్టరీలోనే కంప్యూటర్ యంత్రంతో పొడిచి ఇస్తున్నారు. రంధ్రానికి రంధ్రం కలిపితే భాగాలు వాటంతట అవే వరసకు వస్తాయి. పెద్ద జిగ్ అవసరం చాలావరకు పోయింది. అయినా రివెట్ కొట్టే ముందు మెలి ఉందేమో చూసుకునే పని పోలేదు. యంత్రం రంధ్రాన్ని సరిగ్గా పొడుస్తుంది. రెక్కను స్టాండు మీద ఎలా ఉంచామో దానికి తెలియదు.

ఇక నా విన్నపం. జూబిలీ నిధితో ముఖద్వారం కట్టాలని కమిటీ పెద్దలు అనుకుంటున్నారు. దాన్ని వద్దనే చనువు నాకు లేదు. కానీ అందులో కొంత తీసి వెనకవైపు ఒక రేకుల షెడ్డు వేయిద్దాం. నాలుగు గట్టి బల్లలు, వైసులు, ఆకురాళ్ళు, ఒక డ్రిల్లింగ్ మిషన్, రసమట్టాలు, గుండు దారాలు చాలు. ఎనిమిదో తరగతి పిల్లలు కర్ణాలు సమానమని నోట్సులో రాసిన వారమే నాలుగు కర్రముక్కలు చట్రంగా బిగించి, టేపు పట్టి కొలవాలి. తేడా వస్తే మేకు పూర్తిగా దిగక ముందే సరిచేసుకోవాలి. షెడ్డు ముందు ఫొటోలు దిగడానికి ఏమీ ఉండదు. అయినా ఫర్వాలేదు. మొదటి రెండు బల్లల ఖర్చు మేం ముగ్గురం భరిస్తాం. మిగతాది మీరంతా ఆలోచించండి.