రాత్రి కాపలా ఆట – పిల్లల భయం – మన జాగ్రత్త



పిల్లల వార్డులో రాత్రి లైట్లు తగ్గించాక చాలా మంచాల మీద దుప్పటి కింద సెల్‌ఫోన్ వెలుగు కనిపిస్తుంది. "ఏదో ఆట ఆడుకుంటున్నాడు సిస్టర్, ఏడవకుండా ఉన్నాడు, అదే చాలు" అంటుంటారు తల్లులు. అందులో తప్పు లేదు. చేతికి సెలైన్ పెట్టించుకుని కదలకుండా పడుకున్న బిడ్డకు కాలక్షేపం కావాలి. అయితే ఆ ఆట ఏమిటో పెద్దవాళ్ళకు తెలిసి ఉండాలి. అందుకని ఈ రోజు ఒక్క ఆట గురించే చెబుతాను.

ఆ ఆట ఏమిటి?

దాని పేరు 'ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్'. అంటే ఫ్రెడ్డీ హోటల్లో ఐదు రాత్రులు. అమెరికాకు చెందిన స్కాట్ కాథన్ 2014 ఆగస్టులో దీన్ని విడుదల చేశారు. అంతకుముందు ఆయన తయారుచేసిన ఒక ఆటలో బొమ్మలు ముచ్చటగా లేవని, భయపెట్టే యంత్రాల్లా ఉన్నాయని విమర్శ వచ్చింది. అలాగైతే భయపెట్టే యంత్రాలతోనే ఆట చేద్దామని ఆయన దీన్ని తయారుచేశారు. ఇది 2023లో సినిమాగా వచ్చింది. 2025లో రెండవ సినిమా కూడా వచ్చింది.

ఆడేవాడు ఒక పిజ్జా హోటలుకు రాత్రి వాచ్‌మన్. పగలు పిల్లలను ఆడించే ఎలుగుబంటి, కుందేలు, కోడి, నక్క అనే పెద్ద యంత్రపు బొమ్మలు రాత్రి వాటంతట అవే తిరుగుతాయి. అర్ధరాత్రి 12 నుండి ఉదయం 6 గంటల వరకు అతడు ఒక చిన్న గదిలో కూర్చుని కాపలా కాయాలి. లేచి పారిపోవడానికి వీలు లేదు. చేతిలో కర్ర కూడా లేదు. ఉన్నవల్లా కెమెరాలు, రెండు తలుపులు, ఆ తలుపుల దగ్గర దీపాలు. కరెంటు కొంచెమే ఇస్తారు. కెమెరా చూసినా, దీపం వేసినా, తలుపు మూసినా అది తరిగిపోతుంది. భయపడి రెండు తలుపులూ మూసుకుని కూర్చుంటే తెల్లవారకముందే కరెంటు అయిపోయి తలుపులు తెరుచుకుంటాయి. బొమ్మ గదిలోకి వచ్చిందంటే పెద్ద కేకతో దాని ముఖం తెర నిండా కనబడుతుంది. కంప్యూటరులో ఒక రాత్రి కాపలా సుమారు తొమ్మిది నిమిషాలే. కానీ ఆ తొమ్మిది నిమిషాలూ బిడ్డ ఊపిరి బిగబట్టి ఉంటాడు.

"కాల్చుకోవడాలు, నరుక్కోవడాలు లేవు కదా" అని కొందరు పెద్దలు ఊరుకుంటారు. ఇక్కడ భయపెట్టేది రక్తం కాదు, ఎదురుచూపు. ఎప్పుడు వస్తుందో, ఏ తలుపు నుండి వస్తుందో తెలియని ఎదురుచూపు.

శరీరంలో ఏమి జరుగుతుంది?

ఇది ఆట అని బుద్ధికి తెలుసు. కాని శరీరం అంత త్వరగా నమ్మదు. మూత్రపిండాల పైన ఉండే చిన్న గ్రంథుల నుండి అడ్రినలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది, అరచేతులు చెమటలు పడతాయి, కండరాలు బిగుసుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దపిల్లలకు ఇది కాసేపట్లో తగ్గిపోతుంది. గెలిచామన్న సంతోషం కూడా కలుగుతుంది. కాబట్టి ఈ ఆట ఆడిన ప్రతి బిడ్డా చెడిపోతాడని నేను చెప్పడం లేదు. కాని పడుకునే ముందు ఆడితే నిద్ర త్వరగా పట్టదు. 6 నుండి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 నుండి 12 గంటలు, 13 నుండి 18 ఏళ్ళ వారికి 8 నుండి 10 గంటలు నిద్ర అవసరం. జబ్బు పడి కోలుకుంటున్న బిడ్డకు ఆ నిద్ర మందుతో సమానం.

ఈ పిల్లల విషయంలో ప్రత్యేక జాగ్రత్త

1. గుండె లయలో లోపం ఉన్న పిల్లలు: వీడియో ఆట ఆడుతుండగా స్పృహ తప్పిన 22 మంది పిల్లల వివరాలను ఆస్ట్రేలియా వైద్యులు సేకరించి 2022లో ప్రచురించారు. వారిలో ఎక్కువమంది ఆడుతున్నది యుద్ధపు ఆటలు. చాలామందికి పుట్టుకతో గుండె లయ లోపం ఉన్నట్లు తరువాత బయటపడింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఇది అరుదే. అయినా ఆటలోగాని, పరుగులోగాని, ఉద్వేగంలోగాని బిడ్డ స్పృహ తప్పి పడిపోతే "నీరసంలే" అని వదిలేయవద్దు. డాక్టరు గారికి చూపించి ఇ.సి.జి. తీయించండి. కుటుంబంలో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా మరణించి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి.

2. ఫిట్స్ ఉన్న పిల్లలు: మూర్ఛ ఉన్న ప్రతి 100 మందిలో సుమారు ముగ్గురికి మినుకుమినుకుమనే వెలుగు వల్ల ఫిట్స్ రావచ్చు. 1997 డిసెంబరులో జపానులో ఒక టీవీ కార్టూన్‌లో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మెరిసినప్పుడు 600 మందికి పైగా పిల్లలను ఆస్పత్రులకు తీసుకువెళ్ళవలసి వచ్చింది. చీకటి గదిలో తెరను దగ్గరగా చూడడం, నిద్ర చాలకపోవడం, మాత్ర మానేయడం ప్రమాదాన్ని పెంచుతాయి. ఫిట్స్ వస్తే బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టవద్దు. చేతిలో తాళంచెవులు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. 5 నిమిషాలు దాటితే వెంటనే 108కి ఫోన్ చేయండి.

వార్డులో రాత్రి

రాత్రి వేళ ఆస్పత్రి ఎలా ఉంటుందో ఒకసారి గమనించండి. సగం వెలుగులో పొడవాటి వరండా, ఎక్కడో తలుపు చప్పుడు, మానిటర్ల శబ్దం, దూరం నుండి దగ్గరవుతున్న అడుగులు. ఆ ఆటలో ఉన్నది కూడా ఇదే. అది ఆడిన బిడ్డ మూత్రానికి లేవడానికి భయపడతాడు, పక్క తడుపుతాడు. నొప్పి వస్తున్నా పిలవకుండా దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. ఆపరేషన్ అయిన బిడ్డ నొప్పిని దాచుకుంటే మాకు తెలియవలసిన విషయం ఆలస్యంగా తెలుస్తుంది. అందులో ప్రమాదం ఉంది.

అలాంటి బిడ్డను "ఇంత పిరికివాడివేమిట్రా" అని ఎగతాళి చేయవద్దు. కొట్టవద్దు. ఆ వాచ్‌మన్ పిలిచినా పలికేవాళ్ళు లేరు, ఇక్కడ ఉన్నారని చెప్పండి. పగలే బిడ్డను వరండా చివరి వరకు నడిపించి నర్సుల బల్ల చూపించండి. ఏ శబ్దం ఏ యంత్రం నుండి వస్తుందో మమ్మల్ని అడగండి, బిడ్డకు చెబుతాము. పిలిచే బెల్లు వాడి చేతికి అందేటట్లు పెట్టండి. ఎన్నిసార్లు నొక్కినా మేము విసుక్కోము.

ఇంటి దగ్గర చేయవలసినవి

• ఆట వయసు సూచన చూడండి. చిన్నపిల్లలకు ఇలాంటి ఆటలు వద్దు.

• పెద్దపిల్లలు ఆడితే పగటిపూట, దీపం వేసి, నలుగురూ ఉన్న గదిలో ఆడనివ్వండి.

• పడుకోవడానికి కనీసం ఒక గంట ముందు ఫోన్ పక్కన పెట్టించండి. పెద్దవాళ్ళం మనమూ పెట్టాలి.

• ఫోన్ లాక్కునే ముందు ఒకసారి పక్కన కూర్చోండి. "ఇప్పుడు ఏ తలుపు మూయాలి నాన్నా?" అని అడగండి. వాడు చెబుతుంటే ఆటతోపాటు వాడి భయం కూడా మీకు తెలుస్తుంది.

• చదువు, తిండి, నిద్ర మానుకుని ఆట నుండి బయటికి రాలేకపోతుంటే అది మొండితనం అనుకోవద్దు. డాక్టరును సంప్రదించండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి సలహా అడగవచ్చు.

బిడ్డకు ఫిట్స్, గుండె జబ్బు, స్పృహ తప్పిన సందర్భం ఏదైనా ఉంటే, ఫోన్ చేతికి ఇచ్చే ముందే ఈ రోజు డ్యూటీలో ఉన్న సిస్టర్‌కు చెప్పండి.