బైక్ ప్యానెల్ మళ్లీ బిగించాలంటే బలం కాదు, వరస కావాలి

ఎయిర్ ఫిల్టర్ క్లీన్ చేయడం ఈజీనే. కానీ దానికోసం విప్పిన సైడ్ ప్యానెల్‌ని మళ్లీ ఎక్కించేటప్పుడే చాలామందికి చెమటలు పడతాయి. ఒక పక్క కూర్చుంటే ఇంకో పక్క లేస్తుంది. విసుగొచ్చి అరచేత్తో ఒక్కటిస్తారు. టక్‌మంటుంది. హమ్మయ్య, కూర్చుంది అనుకుంటారు. కానీ ఆ సౌండ్ లోపల లాక్ విరిగిన సౌండ్ కూడా కావచ్చు. ఆ చిన్న ముక్క విడిగా అమ్మరు. ప్యానెల్ మొత్తం కొనుక్కోవాల్సిందే.

అందుకే ముందు ప్యానెల్ దేనిమీద నిలబడుతుందో చూడండి. వెనక్కి తిప్పితే మామూలుగా మూడు రకాలు కనిపిస్తాయి. ఒకటి, నాలుకలా బయటికి వచ్చిన లాక్. ఇది ఫ్రేమ్‌లోనో పక్క ప్యానెల్‌లోనో ఉన్న గాడిలోకి జారాలి. రెండు, గుండ్రటి పిన్ను. ఇది రబ్బరు గ్రోమెట్‌లోకి దిగాలి. మూడు, బోల్టు. బిగించే వరస కూడా ఇదే: లాక్, పిన్ను, బోల్టు. విప్పేటప్పుడు దీనికి రివర్స్. ముందు బోల్టు పెట్టేసి తర్వాత లాక్‌ని గాడిలోకి తొయ్యాలని చూస్తే విరగక ఏమవుతుంది చెప్పండి?

విప్పేటప్పుడే ఫోన్ తీసి రెండు ఫోటోలు కొట్టండి. ఒక అట్టముక్క మీద ప్యానెల్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చండి. ఎందుకంటే బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. పొట్టి బోల్టు చోట పొడుగుది పెడితే లోపల వైరుకో ఇంకోదానికో తగలొచ్చు.

ఇప్పుడు గ్రోమెట్. పాతబడితే రబ్బరు గట్టిపడుతుంది, పిన్ను దిగదు. అప్పుడు సబ్బునీళ్లు ఒక చుక్క రాయండి. పెట్రోలు, ఇంజిన్ ఆయిల్ వద్దు. వాటికి రబ్బరు ఉబ్బుతుంది, పెట్రోలు తగిలితే ప్లాస్టిక్ కూడా పాడవుతుంది. ప్యానెల్ మధ్యలో కాకుండా, సరిగ్గా పిన్ను ఉన్న చోటే బొటనవేలితో నొక్కండి. చలికాలం పొద్దున్నే ఈ పని పెట్టుకోకండి. చల్లటి ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. కాసేపు ఎండలో పెట్టండి.

బోల్టులు అన్నీ చేత్తోనే రెండు మూడు చుట్లు తిప్పి వదిలెయ్యండి. అన్నీ ఎక్కాకే పానా పట్టుకోండి. ఒకదాన్ని ఫుల్లుగా బిగించేస్తే మిగతా కన్నాలు కలవవు. కన్నం కలవలేదంటే స్క్రూడ్రైవర్ దూర్చి లాగకండి. లాక్ గాడిలోకి వెళ్లిందో లేదో చూడండి, తేడా చాలాసార్లు అక్కడే ఉంటుంది. ప్లాస్టిక్‌లోకే దిగే స్క్రూ అయితే ముందు ఎడమకి తిప్పండి. టిక్‌మని చిన్నగా కిందికి పడినట్టు అనిపిస్తుంది. అంటే పాత మర దొరికింది. అప్పుడు కుడికి తిప్పండి. లేదంటే కొత్త మర కోసుకుంటూ పోతుంది, నాలుగుసార్లకి కన్నం లూజైపోతుంది. బోల్టు కింద ఇనుప కాలర్ ఉంటే పారెయ్యకండి. బిగింపు బరువంతా ప్లాస్టిక్ మీద పడకుండా కాపాడేది అదే. థ్రెడ్‌లాకర్ కూడా ప్లాస్టిక్ దగ్గర వాడొద్దు, ఏబీఎస్ పగుళ్లిస్తుంది.

ఆల్రెడీ విరిగిందా? ప్యానెల్ లోపలి వైపు అక్షరాలు వెతకండి. ఏబీఎస్ అని ఉంటే ప్లాస్టిక్ ఎపాక్సీతో అతుకుతుంది. పీపీ అని ఉంటే మామూలు జిగురు నిలవదు, వెల్డింగ్ చేయించాలి.

చివరిగా ఒక్క నిమిషం టెస్ట్. ఇది మాత్రం స్కిప్ చేయకండి. ముందు భాగంలో ఏది విప్పినా హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పండి, కేబుల్ ఎక్కడైనా పట్టేస్తోందా చూడండి. మడ్‌గార్డ్ విప్పితే చక్రం లేపి తిప్పండి. తాళం ఆన్ చేసి ఇండికేటర్లు, హారన్, బ్రేక్ లైట్ చెక్ చేయండి. ప్యానెల్ కింద వైరు నలిగితే ఇక్కడే దొరికే ఛాన్స్ ఉంది. ఆఖర్న ప్యానెల్‌ని చేత్తో లాగి చూడండి. ఇంట్లో ఊడితే ఏమీ కాదు. హైవే మీద ఊడితే వెనకొచ్చే బండివాడికి ప్రమాదం.

మీ బండిలో ఏ ప్యానెల్ ఏడిపిస్తోందో కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!